ఏడు లాగుళ్ళ బాబాయి

మా బాబాయి ఒకసారి పెళ్ళికి వెళ్తూ ఇంటికి తాళం వేసి, పడిందో లేదో లాగి చూశాడు. ఏడోసారి లాగినప్పుడు గొళ్ళెం మరలతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. తలుపు మెల్లగా దానంతటదే తెరుచుకుంది. బాబాయి తాళంకప్పని అటూ ఇటూ తిప్పి చూశాడు. అది గొళ్ళేన్ని గట్టిగా కరుచుకునే ఉంది.

"తాళం మాత్రం బాగా పడింది" అన్నాడు తృప్తిగా.

తర్వాత దాన్ని రుమాల్లో చుట్టి, సంచిలో పెట్టుకుని, రైలుకి బయల్దేరాడు. వడ్రంగిని పిలిచింది పిన్ని.

ఆయనకి ఉన్న అలవాటు అదొక్కటే. చుట్ట లేదు, పేక లేదు, సాయంత్రం పూట రాజకీయాలు కూడా లేవు. తాళం లాగి చూడటం, అంతే. ముప్ఫై నాలుగేళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాల సంచులకి మూతి కట్టే సీటులో పనిచేశాడు. తాడు బిగించి, లక్క పోసి, ముద్ర కొట్టి, ఏడుసార్లు లాగి చూస్తేగాని సంచిని వదిలేవాడు కాదట. ఏడే ఎందుకంటే, ఆరోసారికి ఊడిన సంచి ఒకటి ఆయన సర్వీసులో ఉంది.

రిటైరయ్యాక సంచులు పోయాయి, తాళం మిగిలింది. ఆ మరుసటి ఏడాది నుంచి జబ్బు ఇంకాస్త ముదిరింది. లాగడమే కాదు, వీధి మూల దాకా వెళ్ళి వెనక్కి రావడం కూడా మొదలుపెట్టాడు.

మా వీధి కొండవైపు పోయి ఆగిపోతుంది. రెండువైపులా కలిపి పద్నాలుగు ఇళ్ళు. బాబాయిది ఎడమవైపు చిట్టచివరిది. నాది దానికి రెండిళ్ళ ఇవతల. మధ్యలో చిన్న వంపు ఉండటంతో మూల దగ్గర నిలబడితే మా ఇళ్ళు కనబడవు. ఆ మూలన సైకిలు షాపు ఉంది. ఎక్కడికి ప్రయాణమైనా సరిగ్గా ఆ సైకిలు షాపు ముందు బాబాయి కాళ్ళు ఆగిపోతాయి. రెండు చేతుల్లో సంచులతో పిన్ని కూడా ఆగుతుంది.

"గ్యాసు కట్టేశానా?"

"కట్టేశారు."

"తాళం వేశానా?"

"వేశారు."

"లాగానా?"

"మీరు లాగుతుంటే వీధి కుక్కలు లేచి నిలబడ్డాయి."

"ఒక్క నిమిషం" అని బాబాయి వెనక్కి వెళ్ళిపోయేవాడు.

ఆ ఒక్క నిమిషం నికరంగా పావుగంట. పిన్ని సైకిలు షాపులో స్టూలు వేయించుకుని కూర్చునేది. ఆ స్టూలు మీద కూర్చుని ఆవిడ రెండు స్వెట్టర్లు అల్లింది. సైకిలు షాపతను ఎవరైనా టైమడిగితే, "తాళంగారు ఇప్పుడే వెనక్కి వెళ్ళారు, ఇంకో పావుగంటలో పదవుతుంది" అని చెప్పేవాడు.

ఒకసారి వాళ్ళ వీధి తలుపుని పాలిష్ కోసం వడ్రంగి ఊడదీసి తీసుకుపోయాడు. గుమ్మానికి దుప్పటి కట్టి ఉంది. లోపల పిన్ని ఉంది. నేనూ బాబాయీ కరెంటాఫీసుకి బయల్దేరాం. సైకిలు షాపు దగ్గర ఆయన ఆగాడు.

"తాళం వేశానా?"

"బాబాయ్, తలుపే లేదు."

"అందుకేరా అనుమానం" అని వెనక్కి వెళ్ళాడు. ఆ రోజు కూడా పావుగంటే. ఈ కథ నేను మా వీధిలో కనీసం నలభైసార్లు చెప్పి నవ్వించాను. దుప్పటికి తాళం వేసినవాడని ఆయనకి పేరు పెట్టింది కూడా నేనే. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం చెవులు వేడెక్కుతాయి.

బాబాయికి ఎదురిల్లు మిషను మామ్మగారిది. ఎనభై రెండేళ్ళు. కిటికీ పక్కన కాలిమిషను వేసుకుని దిండు గలీబులు, స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. చెవులు సగం పనిచేస్తాయి, నోరు పూర్తిగా పనిచేస్తుంది. ఆరేళ్ళ కిందట వంటింట్లో జారిపడి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లేవలేక పడి ఉంది. యూనిఫారం కోసం వచ్చిన ఓ తల్లి చూస్తేగాని ఎవరికీ తెలియలేదు. వీధంతా నొచ్చుకుంది. మా కాలనీ సెక్రటరీ మీటింగు పెట్టి, రోజుకో ఇంటివాళ్ళు వెళ్ళి మామ్మగారిని చూసి రావాలని వంతులు వేశాడు. మొదటి వంతు నాది. తలుపు తీసి నన్ను పైనుంచి కిందకి చూసింది.

"ఎందుకొచ్చావు?"

"ఊరికే. మిమ్మల్ని చూసి పోదామని."

"చూశావుగా. పో."

రెండో రోజు సెక్రటరీ స్వయంగా వెళ్ళాడు. "నేను బతికున్నానో లేదో హాజరు పట్టీలో రాసుకోడానికొచ్చావా?" అని తలుపు వేసేసింది. అంతటితో వంతులు ఆగిపోయాయి. బాబాయి తాళం లాగుతున్నప్పుడు మాత్రం మామ్మగారు కిటికీలోంచి కళ్ళు ఆర్పకుండా చూస్తుండేది. పాపం, కాలక్షేపం కావాలిగా అనుకునేవాళ్ళం.

ఇక మంటల సంగతి. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కొండ మీద గడ్డి అప్పడంలా ఎండింది. మొదటి రోజు అవతలి శిఖరం మీద సన్నగా పొగ లేచింది. అందరం డాబాలెక్కి చూశాం. "అది ఇటు రాదు, గాలి అటుంది" అన్నాను నేను. గాలి గురించి నాకేమీ తెలియదు, కానీ డాబా మీద నడుముకి చేతులు పెట్టుకుని నిలబడ్డాక ఏదో ఒకటి అనాలి కదా. రెండో రోజు ఆరేసిన బట్టల మీద బూడిద రాలింది. మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి మైకు వ్యాను వచ్చింది. గంటలో వీధులన్నీ ఖాళీ చేసి వంతెన అవతల హైస్కూలుకి చేరాలని చెప్పి, మా ముఖాలు చూడకుండా వెళ్ళిపోయింది.

గంటలో ఇల్లు సర్దమంటే మనిషి బుద్ధి ఎలా పనిచేస్తుందో నేను ఆ రోజే తెలుసుకున్నాను. మా ఆవిడ సర్టిఫికెట్లు, మందులు, రెండు జతల బట్టలు ఒక సంచిలో పది నిమిషాల్లో సర్దేసింది. నేను అటక మీంచి బరువైన పెట్టె ఒకటి దింపి, తాళంచెవి దొరక్కపోయినా, ఇంత బరువుందంటే ముఖ్యమైనదే అయ్యుంటుందని కారులోకి ఎక్కించాను. తర్వాత ఇస్త్రీపెట్టె పట్టుకున్నాను.

"అదెందుకు?" అంది మా ఆవిడ.

"అక్కడ ఉంటుందో ఉండదో."

ఆవిడ తన సంచి తీసుకుని వెళ్ళి కారులో కూర్చుంది. 

కాలనీ సెక్రటరీ మెడలో ఈల, చేతిలో పద్నాలుగు ఇళ్ళ జాబితాతో వీధిలో పరుగులు పెడుతున్నాడు. ఖాళీ అయిన ఇంటికల్లా టిక్కు పెడుతున్నాడు.

"మామ్మగారో?" అని అడిగాడు బాబాయి, తన కిటికీ గడియ లాగుతూ.

"మేనకోడలు కారు తీసుకొస్తోందట. కిటికీలోంచి చెప్పింది. టిక్కు పెట్టేశాను."

బాబాయి తల ఊపి లాగడం కొనసాగించాడు. ఆ ఇంటికి పన్నెండు కిటికీలు. ఒక్కోదానికి ఏడు లాగుళ్ళు. లెక్క మీరే వేసుకోండి. చివరికి పిన్ని, "కొండ మీద మంట మన ఇంట్లోకి కిటికీ గడియ తీసుకుని రాదు, బయటికి రండి" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. వీధి తలుపుకి తాళం పడింది. ఏడు లాగుళ్ళూ పడ్డాయి. నా కారులో ముందు నేనూ బాబాయీ, వెనక పిన్నీ మా ఆవిడా, వాళ్ళిద్దరి మధ్య నా పెట్టె. అప్పటికి మా వెనక ఒక్క బండి కూడా లేదు.

సైకిలు షాపు దగ్గరికి వచ్చాం. షాపు మూసి ఉంది. స్టూలు మాత్రం బయటే ఉంది.

"ఆపరా" అన్నాడు బాబాయి.

"ఆపకు" అంది పిన్ని. "గ్యాసు కట్టేశారు, తాళం వేశారు, లాగారు. నేను లెక్కపెట్టాను. ఇవాళ మీరు ఒక్క అడుగు వెనక్కి వేశారంటే నేను స్కూలుకి కాదు, మా అన్నయ్య ఇంటికి పోతాను."

"మన తాళం కాదే. ఎదురింటికి తాళం లేదు."

"ఇంకా నయం. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ తాళాలు కూడానా?"

"తలుపు మూసి ఉంది, తాళం లేదు. ఒక్క నిమిషం."

నేను బ్రేకు పూర్తిగా తొక్కకుండానే దిగిపోయాడు. అరవై ఏడేళ్ళ మనిషి అంత వేగంగా నడుస్తాడని నాకు తెలియదు. ఆయన్ని రెక్క పట్టుకుని తీసుకురావాలని నేనూ దిగి పరిగెత్తాను. వంపు తిరిగేసరికి పొగ కళ్ళలో కొట్టింది. కొండ మీది గడ్డి చిటపటమంటున్న చప్పుడు కూడా వినబడుతోంది. అప్పుడు వెలిగింది నాకు. తలుపు మూసి ఉండి, బయట తాళం లేదంటే, గడియ లోపల ఉంది. గడియ లోపల ఉందంటే, మనిషీ లోపలే ఉంది. మిగతా పదమూడు ఇళ్ళవాళ్ళం ఆ వీధిలోంచే పోయాం. సెక్రటరీ టిక్కు పెట్టాడు. తాళం లేదని చూసినవాడు ఒక్కడే.

ఆ ఒక్కడూ మామ్మగారి తలుపు దబదబా బాదాడు. చప్పుడు లేదు. నేనూ బాదాను. ఊహూ.

"బాబాయ్, మేనకోడలితో వెళ్ళిపోయి ఉంటుంది. తాళం వేయడం మర్చిపోయి ఉంటుంది."

"తాళం వేయడం ఎవరైనా మర్చిపోతారట్రా?" అన్నాడు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

తర్వాత ఆయన చేసిన పని చూడండి. గిరుక్కున తిరిగి తన ఇంటి గుమ్మం ఎక్కాడు. తాళం పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. కొండ తగలబడుతుంటే, నా కళ్ళ ముందు, ఒకటి, రెండు, మూడు. గొళ్ళెం మోగుతోంది. నాలుగు, ఐదు.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను" అన్నాను. నిజంగానే పెట్టాను. చేతిలో ఏదో అడ్డమొచ్చింది. చూస్తే ఇస్త్రీపెట్టె. కారులో ఒళ్ళో పెట్టుకున్నది వదలకుండానే దిగి పరిగెత్తుకొచ్చానన్నమాట.

ఆరు.

ఆరోది లాగి బాబాయి ఆగిపోయాడు. ఏడోది లాగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తలుపువైపు చూస్తూ కదలకుండా నిలబడ్డాడు. ఆరు దగ్గర ఆగిన బాబాయిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఎదురింటి కిటికీ కిర్రుమంది.

"ఏడోది ఏదీ?" అంది మిషను మామ్మగారు, వీధంతా వినబడేలా.

బాబాయి వెనక్కి తిరిగాడు. ఆ ముఖం మీద అంత ఊరట నేను ఎప్పుడూ చూడలేదు. గొంతులో మాత్రం అదేమీ లేదు.

"పెద్దమ్మగారూ, మీరు వెళ్ళలేదా?"

"నేనెక్కడికి వెళ్తాను? నువ్వు ఇల్లు అప్పగించి వెళ్తుంటే."

"ఇవాళ అప్పగించలేదుగా."

"అప్పగించేదేమిటి కొత్తగా? ఆరేళ్ళుగా నువ్వు గుమ్మం దిగితే కాపలా నాదే కదా. ఇవాళ చెప్పకుండా పోయావు, సరే, కంగారులో ఉన్నావనుకున్నా. ఆ ఈల వాణ్ణి మేనకోడలొస్తోందని చెప్పి పంపించేశా. నువ్వు పో. నేను చూసుకుంటా."

"మంట వస్తోందండీ."

"రానీ. బకెట్టుతో నీళ్ళు పెట్టుకున్నా."

కిటికీలోంచి చూశాను. నిజమే. మిషను పక్కన ఒక బకెట్టు, అందులో ఒక చెంబు. కొండంత మంటకి ఆ చెంబు సిద్ధంగా ఉంది.

"మామ్మగారూ, మీరు ముందు బయటికి రండి" అన్నాను నేను.

"నువ్వు మాట్లాడకు. నువ్వు చూసిపోయే రకం" అంది. తర్వాత నా చేతివైపు చూసి, "ఇస్త్రీకి ఇదా సమయం?" అంది.

బాబాయి బతిమాలలేదు, వాదించలేదు. జేబులోంచి తాళంచెవి తీశాడు. తన తలుపు దగ్గరికి వెళ్ళి తాళం తీశాడు. గొళ్ళెం కిందకి వేలాడింది. గాలికి తలుపు బార్లా తెరుచుకుంది. ఆయన అటు చూడలేదు. తాళంకప్పని తెచ్చి కిటికీ ఊచల్లోంచి మామ్మగారి చేతిలో పెట్టాడు.

"మీరు కాపలా కాసేది దీన్నే కదా. ఇది మీ దగ్గరే ఉంచండి. మీరు ఎక్కడుంటే కాపలా అక్కడ."

మామ్మగారు తాళాన్ని చూసింది. తలుపువైపు చూసింది.

"మరి ఇల్లో?"

"ఇల్లు దానంతటది ఉంటుందండీ. నా భయమంతా తాళం గురించే కదా. మీకు తెలుసుగా నా సంగతి."

"తెలుసులే" అంది మామ్మగారు జాలిగా. తాళాన్ని ఒకసారి నొక్కి, ఏడుసార్లు లాగి చూసి, "పద. నీతో పెద్ద తంటా" అని గడియ తీసింది.

మిషను లేకుండా రానంది. కింద బల్లతో సహా అయితే ముగ్గురం అక్కడే మిగిలిపోయేవాళ్ళం. బాబాయి రెండు మరలు విప్పి మిషను తలని ఊడదీసి నాకిచ్చాడు. ఒక చంకలో మిషను, ఒక చేతిలో ఇస్త్రీపెట్టె. మామ్మగారు బాబాయి భుజం పట్టుకుని నడుస్తూ దారి పొడుగునా నన్ను, "జాగ్రత్త, సూది ఉంది" అని హెచ్చరిస్తూనే ఉంది.

కారులో ఆవిడకి చోటు లేదు. నా పెట్టె దింపి సైకిలు షాపు స్టూలు మీద పెట్టాను. ఏదో విలువైనది వదిలేసినంత బాధపడ్డాను. మర్నాడు గుర్తొచ్చింది. దాని నిండా కర్టెన్ల కొక్కేలు.

వంతెన దాటాం. తర్వాత మామ్మగారు, బాబాయికి వినబడకూడదని గొంతు తగ్గించి, అంటే మామూలు మనుషులు అరిచేటంత చేసి, పిన్నితో చెప్పింది.

"నీ మొగుడికి తాళం జబ్బుందమ్మా. నేను పడిన ఏడాదే మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. 'పెద్దమ్మగారూ, తాళం పడిందో లేదోనని కాళ్ళు కదలవు, మీరు కిటికీలోంచి లెక్కపెట్టి ఏడు అయ్యాయని చెబితేగాని నాకు ధైర్యం చాలదు' అన్నాడు. పాపం, ఇంత మనిషి. మీరెవరూ పట్టించుకోలేదుగా. మూల దాకా పోయి మళ్ళీ వస్తాడు. కాసేపు కూర్చోబెట్టి, నాలుగు మాటలు చెప్పి, ఏం తిన్నావు, ఎప్పుడొస్తావు అని అడిగి పంపిస్తా. వచ్చేటప్పుడు దారపు రీళ్ళు తెస్తాడు. కాపలాకి అది జీతం. ఊరికే తీసుకోను."

పిన్ని బాబాయి వీపువైపు చూసింది. బాబాయి కిటికీలోంచి నదిని శ్రద్ధగా చూస్తున్నాడు. ఆయన మెడ వెనక ఎర్రబడింది. ఆయనకి ఆ జబ్బు ఎంతవరకు నిజమో, ఎంతవరకు మామ్మగారి కోసం పెంచుకున్నదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే, "గ్యాసు కట్టేశామా?" అంటాడు.

హైస్కూలులో రెండు రోజులున్నాం. ఏడో తరగతి గదిలో మామ్మగారు టీచరు కుర్చీలో కూర్చుంది, ఒళ్ళో తాళం. బాబాయి టీకి వెళ్తూ స్కూలు గేటు దాకా పోయి, "ఒక్క నిమిషం" అని వెనక్కి వచ్చేవాడు. మామ్మగారు తాళం లాగి చూపించేది. గదిలో ఉన్న పద్నాలుగు ఇళ్ళవాళ్ళం గట్టిగా లెక్కపెట్టేవాళ్ళం. సెక్రటరీ కూడా లెక్కపెట్టాడు. జాబితాలో మామ్మగారి టిక్కు మాత్రం ఆయన అప్పటికే కొట్టేసి, కాగితం చిరిగేదాకా దిద్దాడు.

మూడో రోజు పొద్దున్న గాలి తిరిగింది. ఇళ్ళకి వెళ్ళొచ్చన్నారు. కొండ నల్లగా ఉంది. వీధి మొత్తం బూడిద. మంట చివరి రెండు ఇళ్ళ వెనక కంచెని తినేసి, పిన్ని బట్టలారేసే తీగ దగ్గర ఆగింది. ఇళ్ళకి ఏమీ కాలేదు.

బాబాయి ఇంటికి మాత్రం అతిథులు వచ్చి వెళ్ళారు. వీధి మొత్తంలో తలుపు తెరిచి ఉన్న ఇల్లు అదొక్కటే కావడంతో ఫైరింజను వాళ్ళు వంతులవారీగా అక్కడే నడుం వాల్చినట్టున్నారు. హాలు నిండా బురద బూట్ల గుర్తులు. సోఫా మీద మనిషి ఆకారంలో మసి. ఫ్రిజ్‌లో ఒక్క సీసాలో కూడా నీళ్ళు లేవు. వాడిన గ్లాసులన్నీ కడిగి, వరసగా బోర్లించి పెట్టారు. గుమ్మంలో ఆగిపోయింది పిన్ని. వెనక మామ్మగారు తాళంతో నిలబడింది, అప్పగింతకి.

పిన్ని చూపు బూట్ల గుర్తుల వెంట హాలు దాటి, వంటింటి దాకా వెళ్ళి వచ్చింది.

"నలభై ఏళ్ళు" అంది. "నలభై ఏళ్ళు నన్ను వీధిలో నిలబెట్టి లాగి లాగి చూశారు. ఊరు తగలబడే రోజున మాత్రం ఇల్లు బార్లా తెరిచి వదిలేసి వచ్చారు. ఏమనాలండీ మిమ్మల్ని?"

బాబాయి మామ్మగారి చేతిలోంచి తాళం అందుకున్నాడు. ఏడుసార్లు లాగి చూసి, పిన్నికి చూపించాడు.

"తాళానికేం కాలేదుగా."